తిరుపతి ట్యాక్సీలకు యాప్ పెట్టాలనుకుంటున్న తమ్ముడికి

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి కొర్లగుంట. ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చేసి బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నా. నాన్నకు రెండు కార్లున్నాయి, రైల్వే స్టేషన్ దగ్గర స్టాండులో పెడతారు. భక్తులు కారెక్కే ముందు బేరాలాడి, దిగాక మోసపోయామని తిట్టుకుంటూ పోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నా. అందుకే లోకల్ ట్రిప్పులు, రూములు, దర్శనం టికెట్లు అన్నీ ఒకేచోట దొరికేలా ఒక యాప్ చేయిద్దామనుకుంటున్నా. జనానికి నమ్మకం కలగాలని పేరులో టీటీడీ అని వచ్చేలా పెట్టాలని ఉంది. ఒక కంపెనీ ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ కలిపి ఆరు లక్షలు అడిగింది. నా దగ్గర ఎనిమిది లక్షలున్నాయి. గూగుల్ వాళ్లు ముప్ఫై శాతం కోసుకుంటే ఇక మిగిలేదేముంది? ఉద్యోగం మానేసి దిగొచ్చా? ఐఫోన్‌కు కూడా ఇప్పుడే చేయించాలా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ముప్ఫై శాతం సంగతి తేల్చేద్దాం, అది నీకు సంబంధం లేని భయం. గూగుల్, యాపిల్ కమీషన్ కోసేది యాప్ లోపల అమ్మే డిజిటల్ సరుకు మీద. గేమ్‌లో నాణేలు, వీడియో సబ్‌స్క్రిప్షన్లు, ఆన్‌లైన్ కోర్సులు, అలాంటివి. కారు ప్రయాణం, లాడ్జిలో గది, ఇంటికొచ్చే టిఫిను, వీటి మీద వాళ్లు పైసా అడగరు. యూపీఐలో కట్టించుకో, చేతికి నోట్లు ఇప్పించుకో, వాళ్లకు పట్టదు. పైగా 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారి దగ్గర బ్యాంకులు తీసుకునే చార్జీ కూడా లేదు. డిజిటల్ సరుకు అమ్మేవాళ్లకైనా ఏడాదిలో మొదటి పది లక్షల డాలర్ల వరకు 15 శాతమే, యాపిల్ దగ్గరైతే చిన్న డెవలపర్ల పథకంలో చేరాలి. ప్లే స్టోర్‌లో ఖాతాకు ఒకేసారి 25 డాలర్లు కడితే చాలు. అడుగుపెట్టడానికి ఖర్చు ఇంత తక్కువ ఉండే వ్యాపారాలు మన ఊళ్లో ఎన్ని ఉన్నాయి చెప్పు, తిలక్ రోడ్డులో చిన్న బడ్డీ కొట్టు పెట్టాలన్నా అడ్వాన్సు ఎంత అడుగుతారో నీకే తెలుసు.

నీ అసలు చిక్కు వేరే చోట ఉంది. కొండకు రోజుకు అరవై డెబ్బై వేల మంది వస్తారు, సెలవుల్లో ఇంకా ఎక్కువ. ఆ లెక్క చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆ అరవై వేలలో ఒక్కొక్కరు ఏడాదికి ఎన్నిసార్లు వస్తారు? ఒకసారి, మొక్కుబడి ఉంటే రెండుసార్లు. రైలు దిగి, చంకలో పిల్లాడు, చేతిలో రెండు బ్యాగులు, వెనకాల మోకాళ్ల నొప్పులతో అత్తగారు, ఎదురుగా ఒక మనిషి నిలబడి 'కొండకా సార్, తిరుచానూరా సార్' అని అడుగుతుంటే, వాడు ప్లే స్టోర్ తెరిచి నీ యాప్ వెతికి, దించుకుని, ఓటీపీ కొట్టి, లొకేషన్‌కు అనుమతి ఇచ్చి అప్పుడు కారెక్కుతాడా? ఎక్కడు. ఒకవేళ దించుకున్నా ఊరికి పోగానే తీసేస్తాడు, ఎందుకంటే మళ్లీ ఏడాది దాకా దానితో పని లేదు, ఫోన్‌లో జాగా పిల్లల వీడియోలకే చాలదు. వచ్చే ఏడు వాడిని మళ్లీ పట్టుకోవాలంటే మళ్లీ ప్రకటనకు డబ్బు పోయాలి. ఇలా ప్రతి కస్టమర్‌నూ ప్రతిసారీ కొత్తగా కొనుక్కునే వ్యాపారాన్ని పెద్ద కంపెనీలు పెట్టుబడిదారుల డబ్బుతో నడుపుతాయి. నీ ఎనిమిది లక్షలు దానికి ఆవగింజ.

ఇంకో సంగతి, ఇది నీకు తెలిసే ఉంటుంది గానీ యాప్ గురించి ఆలోచించేటప్పుడు మర్చిపోయినట్టున్నావు. దర్శనం క్యూలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, ముందే కౌంటర్‌లో అప్పగించాలి. అంటే డ్రైవర్ కొండ మీద పార్కింగులో కాచుకుని ఉన్న ఆ నాలుగైదు గంటలు, ఒక్కో రోజు పది గంటలు, ప్రయాణికుడి చేతిలో ఫోనే ఉండదు. బయటికి ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు. లైవ్ ట్రాకింగ్ అని, మ్యాప్‌లో కారు బొమ్మ కదులుతుందని కంపెనీవాళ్లు నీకు చూపించే హంగులన్నీ సరిగ్గా అవసరమైన వేళకు పనిచేయవు. మన డ్రైవర్లు దీనికి ఎప్పుడో మందు కనిపెట్టారు, కారు నంబరూ తమ సెల్ నంబరూ చీటీ మీద రాసి ఇంటి పెద్దావిడ చేతిలో పెడతారు, ఫలానా చోట ఉంటానమ్మా అని వేలు పెట్టి చూపిస్తారు. తిరుపతిలో పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఆ చీటీ కంటే బాగా పనిచేయాలి. బెంగళూరు ఆఫీసులో ఏసీ గదిలో కూర్చున్న వాడికి ఈ సంగతి తట్టదు, నీకు తట్టాలి.

మరైతే ఈ వ్యాపారంలో యాప్ తెరిచేది ఎవరు, అదీ రోజుకు పదిసార్లు? డ్రైవర్. మీ నాన్న ఫోన్ ఒకసారి అడిగి తీసుకుని వాట్సాప్ తెరిచి చూడు, డ్రైవర్ల గ్రూపులు ఎన్నున్నాయో. 'రేపు పొద్దున 5కి చెన్నై డ్రాప్, ఎర్టిగా కావాలి', 'బెంగళూరు నుంచి రిటర్న్ ఖాళీ, ఎవరైనా ఉంటే చెప్పండన్నా', 'కాణిపాకం, వేలూరు గోల్డెన్ టెంపుల్ ఒకరోజు, ఏడుగురు, తమిళనాడు పర్మిట్ ఉన్న బండే కావాలి'. రాత్రి పన్నెండు దాకా ఇదే గోల. ఒకడు ట్రిప్ ఉందని పెడతాడు, ముగ్గురు 'నాకు నాకు' అంటారు, ఎవరికిచ్చాడో తెలియదు, ఇచ్చిన కమీషన్ తర్వాత రాలేదని తగవు, మధ్యలో ఎవడో గుడ్ మార్నింగ్ పువ్వులు, వెంకన్న ఫొటో, ట్రిప్ మెసేజ్ పైకెక్కి పోతుంది. అదే నీ వ్యాపారం. చెన్నైకి దింపి మూడు గంటలు ఖాళీ బండి తోలుకొచ్చే మనిషికి తిరుగు ట్రిప్ ఒకటి దొరికితే డీజిల్, టోల్ గిట్టుబాటై పైన కూలి మిగులుతుంది, ఆ సాయం చేసే యాప్‌ను వాడు తీసేయడు సరికదా పక్కవాడికి చూపిస్తాడు. ఇందులో నీకున్న బలం ఎంసీఏ కాదు, మీ నాన్న. స్టాండులో ఆయన మాట మీద ఇరవైమంది డ్రైవర్లు ఫోన్‌లో యాప్ వేసుకుంటారు, ఏ కంపెనీకీ ఆ పని అంత సులువుగా కాదు.

ప్రయాణికుడి వైపు యాప్ వద్దు. ఒక మామూలు వెబ్ పేజీ, అందులో ఏ ఊరికి ఏ బండికి ఎంతో ధర తేటగా, తెలుగులో, తమిళంలో, కన్నడంలో, హిందీలో. ఒక వాట్సాప్ నంబర్. కారు సీటు వెనకాల క్యూఆర్ స్టిక్కర్. రాష్ట్ర ప్రభుత్వమే 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది, జనం కొత్త యాప్ దించుకోవడం కంటే ఉన్నదాంట్లో అడగడానికే ఇష్టపడతారని వాళ్లకూ అర్థమైంది. బేరం గొడవ తీరాలన్న నీ కోరిక కూడా ఇక్కడే తీరుతుంది, ధర ముందే రాసి ఉంటే సగం తగవు ఉండదు.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సినవి రెండు. దర్శనం టికెట్లు నీ ప్లాన్‌లోంచి తీసెయ్, ఈరోజే. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ తన వెబ్‌సైట్‌లో, యాప్‌లో ఆధార్ మీద భక్తుడికే ఇస్తుంది. రాష్ట్రాల పర్యాటక శాఖలకు ఇస్తూ వచ్చిన కోటానే 2024 నవంబరులో పాలకమండలి రద్దు చేసింది, ఇక నువ్వెంత నేనెంత. ప్యాకేజీలో కలిపి అమ్మితే నిన్ను స్టార్టప్ అనరు, దళారీ అంటారు, విజిలెన్సు వాళ్లు పట్టుకుంటే బెయిల్ కోసం తిరగాల్సింది మీ నాన్న. రెండోది పేరు. టీటీడీ అనో, గుడి గోపురం బొమ్మ పెట్టో, చూసేవాడికి అది దేవస్థానం యాప్ అనిపిస్తే ప్లే స్టోర్ నిబంధనల్లోనే అది వేషం వేయడం కిందికొస్తుంది, యాప్ తీసేస్తారు. నకిలీ వెబ్‌సైట్ల మీద టీటీడీ కేసులు పెట్టిన సంగతి పేపర్లో నువ్వూ చదివే ఉంటావు. నమ్మకం కావాలంటే మీ నాన్న పేరు పెట్టుకో, స్టేషన్ దగ్గర అది బాగానే చెల్లుతుంది.

ఇక యాప్ మీద వ్యాపారం కట్టడంలో ఉన్న ప్రమాదం. ఇది ఇంకొకరి అరుగు మీద కొట్టు పెట్టుకోవడమే, అరుగుగలవాడు రేపు లెమ్మంటే లేవాలి. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది, అందులో టిక్‌టాక్ ఉంది, అప్పటిదాకా దాని మీదే ఆదాయం తెచ్చుకున్న మన పల్లె పిల్లలు ఎంతమంది రాత్రికి రాత్రి ఖాళీ అయ్యారో గుర్తుందా. అదే ఏడు సెప్టెంబరు 18న పేటీఎం యాప్ కొన్ని గంటలపాటు ప్లే స్టోర్‌లో కనిపించకుండా పోయింది, అంత పెద్ద కంపెనీకే. 2024 మార్చి 1న ఫీజు తగాదాలో పెళ్లి సంబంధాల షాదీ, ఉద్యోగాల నౌక్రీ లాంటి పేరున్న యాప్‌లను గూగుల్ తీసేసింది, ప్రభుత్వం కల్పించుకున్నాక తిరిగి వచ్చాయి. కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ప్లే స్టోర్ చెల్లింపుల పద్ధతి మీద గూగుల్‌కు 936 కోట్లకు పైగా జరిమానా వేసింది, 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని 216 కోట్లకు తగ్గించింది. ఆ పోరాటాలు పెద్దవాళ్లవి. ఒకవేళ నీ యాప్ పోతే నీకు వచ్చేది కంప్యూటర్ పంపే ఒక ఈమెయిల్, దానికి జవాబుగా నువ్వొక ఫారం నింపి కూర్చోవాలి, అంతే.

చట్టం వైపు నుంచి కూడా ఇలాగే. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల కంపెనీలు వేల కోట్ల వ్యాపారం చేశాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేయగానే ఆ ఆటలు ఆపేశాయి. క్యాబులేం జూదం కాదులే, కానీ రూలు లేకుండా లేవు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రయాణికుడినీ డ్రైవర్‌నూ డిజిటల్‌గా కలిపే వాడు అగ్రిగేటర్, 93వ సెక్షను కింద లైసెన్సు తీసుకోవాలి, 2020లో ఒకసారి 2025లో ఒకసారి కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. జీఎస్టీ ఇంకో తలనొప్పి, యాప్ ద్వారా జరిగిన క్యాబ్ ప్రయాణం మీద పన్ను కట్టాల్సింది డ్రైవర్ కాదు, యాప్ నడిపేవాడు, ఇరవై లక్షల టర్నోవర్ దాటలేదన్న మాట అక్కడ చెల్లదు. డ్రైవర్ల దగ్గర కమీషన్ కాకుండా రోజు ఫీజు మాత్రమే తీసుకుంటే ఎలా అన్నదాని మీద తీర్పులు రెండు రకాలుగా వచ్చాయి. డ్రైవర్లు తమలో తాము ట్రిప్పులు మార్చుకునే పనిముట్టు వేరు, ప్రయాణికుడికి నువ్వే బండి పంపడం వేరు అని నాకనిపిస్తుంది గానీ నాకనిపించింది రవాణా శాఖకు అక్కర్లేదు. మొదటి రూపాయి తీసుకోకముందే ఆడిటర్ దగ్గర కూర్చో, ఒకసారి రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా అడుగు.

ఈ అరుగు భయానికి విరుగుడు ఒకటే, కస్టమర్ల జాబితా నీ దగ్గర ఉండటం. ప్రయాణికుడి నంబరు, ఊరు, ఏ నెలలో వచ్చాడు, ఎన్ని సీట్ల బండి తీసుకున్నాడు, డ్రైవర్ల నంబర్లు, పర్మిట్లు, ఇవి నీ సొంత డొమైన్‌లో, నీ డేటాబేస్‌లో, వారానికోసారి వేరే చోట కాపీ. యాప్ పోయినా మర్నాడు పొద్దున ఫోన్ మీద వ్యాపారం నడవాలి. వాట్సాప్ కూడా అరుగే సుమా, అడగని వాళ్లకు గుంపుగా మెసేజ్‌లు పంపితే నంబరు బ్లాక్ అవుతుంది, వ్యాపారాల సాఫ్ట్‌వేర్ నుంచి మెసేజ్‌లు పంపే వాట్సాప్ ఏపీఐ చార్జీల పద్ధతి 2025 జూలైలోనే మారింది. ఆధార్ కాపీలు మాత్రం దాచుకోకు, రూముల వాళ్లకు కావాలంటే వాళ్లే తీసుకుంటారు. 2023 డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది, నీకంత వెయ్యరు గానీ పక్కవాడి ఆధార్ నీ ఫోన్‌లోంచి బయటికిపోతే ఆ మాట ఊళ్లో నాలుగు రోజుల్లో తిరుగుతుంది.

ఆరు లక్షల కంపెనీ గురించి. సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడుగు: యాప్ ఎవరి ప్లే స్టోర్ ఖాతాలో పెడతారు? 'మా ఖాతాలోనే పెడతాం సార్, మీకెందుకు టెన్షన్' అంటే లేచి వచ్చెయ్. వాళ్ల ఖాతాలో ఇంకెవరిదో దొంగ యాప్ ఉండి ఖాతా మూసేస్తే నీదీ పోతుంది, వాళ్లతో చెడితే నీ యాప్ వాళ్ల చేతిలో ఉంటుంది, రేటింగులు, డౌన్‌లోడ్లతో సహా. ప్లే స్టోర్ ఖాతా, డొమైన్, మ్యాపుల బిల్లింగు, ఓటీపీ ఎస్సెమ్మెస్ రిజిస్ట్రేషన్, పేమెంట్ గేట్‌వే అన్నీ నీ పేరు మీద, నీ ఈమెయిల్‌తో ఉండాలి, వాళ్లకు పని చేసుకునేంత అనుమతి మాత్రమే ఇవ్వు. సోర్సు కోడు, అంటే యాప్ రాసిన అసలు ప్రోగ్రాము, ప్రతి విడత డబ్బుతో పాటు చేతికి రావాలని కాగితం మీద రాయించు. వ్యక్తిగత ఖాతా తెరిస్తే యాప్ విడుదలకు ముందు కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు పరీక్ష నడపాలని గూగుల్ నియమం, నీకు స్టాండులో పన్నెండు మంది దొరకడం కష్టమేం కాదు, నీ వృత్తి కూడా అదే. కట్టి వదిలేస్తే అయిపోయేది కూడా కాదు ఇది, ఏటా కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు మార్చకపోతే కొన్నాళ్లకు కొత్త ఫోన్లలో యాప్ దొరకదు. ఏడాది నిర్వహణకు ఎంతో ఇప్పుడే అడుగు, చాలామంది ఆ మాట రెండో ఏడు చెబుతారు.

నువ్వు టెస్టర్‌వి కాబట్టి ఇంకోటి. స్టాండులో ఎక్కువగా ఉండేవి షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లు. బ్యాటరీ మిగల్చాలని అవి వెనకాల నడిచే యాప్‌లను చంపేస్తాయి, యాప్ తనంతట తానే మొదలయ్యే ఆటోస్టార్ట్ సెట్టింగు ఆన్ చేయకపోతే ట్రిప్ వచ్చినట్టు గంటే మోగదు. డ్రైవర్ దృష్టిలో యాప్ దండగ అయిపోతుంది, తప్పు ఫోన్‌ది అని వాడికి ఎవరు చెబుతారు. మొదటి వంద ఫోన్లలో ఆ సెట్టింగు నువ్వే దగ్గరుండి మార్చాలి. వెనకాల లొకేషన్ వాడుకునే యాప్‌కు గూగుల్ ప్రత్యేకంగా కారణం అడుగుతుంది, వీడియో తీసి పంపమంటుంది, మొదటి విడతలో లొకేషనే లేకుండా చేస్తే ఆ తలనొప్పి ఉండదు, తిరుగు ట్రిప్‌కు ఊరి పేరు చాలు.

డబ్బు ఎలా వస్తుందంటే, కమీషన్ జోలికి పోవద్దు. కమీషన్ పెట్టిన మరుక్షణం డ్రైవరూ ప్రయాణికుడూ ఒకరి నంబరు ఒకరు తీసుకుని నిన్ను పక్కకు తోసేస్తారు, రెండో ట్రిప్ నీకు కనిపించదు. బెంగళూరులో నమ్మ యాత్రి అనే యాప్ ఆటోల దగ్గర రోజుకు 25 రూపాయలు తీసుకుని ఎన్ని ట్రిప్పులైనా తోలుకోమంది, తర్వాత పెద్ద కంపెనీలు కూడా ఆటోల విషయంలో ఆ దారికే వచ్చాయి. నువ్వూ మొదట ఉచితంగా ఇచ్చి, తిరుగు ట్రిప్పులు నిజంగా దొరుకుతున్నాయని డ్రైవరే ఒప్పుకున్నాక చిన్న నెలసరి ఫీజు పెట్టు.

ఉద్యోగం మానొద్దు, ఇప్పుడైతే వద్దు. రెండు మూడు నెలలు వారాంతాల్లో తిరుపతి వచ్చి, యాప్ లేకుండానే, ఒక వెబ్ పేజీ, ఒక వాట్సాప్ నంబరు, ఒక షీటుతో ఈ ట్రిప్పుల మార్పిడి చేతితో నడిపి చూడు. అమ్మో చెల్లెలో ఫోన్ ఎత్తే మనిషి ఒకరు ఇంట్లో ఉంటే వారం మధ్యలోనూ నడుస్తుంది. దానికి వేలల్లో అవుతుంది, లక్షల్లో కాదు. అప్పుడు తెలుస్తుంది డ్రైవర్లు ఏ ఊరికి ఎక్కువ అడుగుతున్నారు, ఎక్కడ తగవు వస్తోంది, ఎవరు మాట తప్పుతున్నారు అని. చేతితో పట్టలేనన్ని ట్రిప్పులు వచ్చి మీ అమ్మ ఫోన్ పక్కన పడేసి 'నావల్ల కాదు నాయనా' అన్న రోజు యాప్ చేయించు, అదీ డ్రైవర్లకు మాత్రమే, ఆండ్రాయిడ్‌కు మాత్రమే, ఆరు లక్షల్లో సగం కూడా కాకూడదు. రూముల సంగతి ఆ తర్వాత చూద్దువు.

ఐఫోన్ యాప్ ఇప్పుడు వద్దే వద్దు. యాపిల్ ఖాతాకు ఏడాదికి 99 డాలర్లు, ఏటా కట్టాలి, చేయించే ఖర్చు వేరే. స్టేషన్ బయట స్టాండులో ఎన్ని ఐఫోన్లు ఉన్నాయో ఈసారి వచ్చినప్పుడు ఒకసారి లెక్కపెట్టి, ఆ కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే ఆ అంకె చెప్పు.